చెట్టు సరిపోతుందా, కాలువలు కావాలా? మైండ్ మ్యాప్ సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు

పెన్నా నదిని మైండ్ మ్యాప్‌గా గీయడం సులువు. కాగితం మధ్యలో పెన్న అని రాస్తాం. దాని నుంచి కొమ్మలుగా చిత్రావతి, పాపాఘ్ని, కుందూ, సగిలేరు, చెయ్యేరు వేస్తాం. చెయ్యేరుకు మళ్లీ బాహుదా, మాండవి అనే రెమ్మలు. మా కడప ఊరి నడుమ పారే బుగ్గవంకకు కూడా ఒక చిన్న రెమ్మ దొరుకుతుంది. ఏ వాగు ఏ నదిలో కలుస్తుందనే ప్రశ్నకు ఒకటే జవాబు ఉంటుంది కాబట్టి చెయ్యి ఎక్కడా తడబడదు. ప్రకృతి తానే గీసి ఇచ్చిన చెట్టు అది.

ఇప్పుడు అదే కాగితం మీద కర్నూలు–కడప కాలువను, మనమంతా కేసీ కాలువ అని పిలుచుకునే దాన్ని, చేర్చి చూడండి. అది తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలవుతుంది. తుంగభద్ర కృష్ణకు ఉపనది. అంటే అది వేరే చెట్టు కొమ్మ. ఆ నీళ్లు నంద్యాల మీదుగా కడప దాకా వచ్చి పెన్న పరీవాహకంలోని పొలాలను తడుపుతాయి. కుందూ మీది రాజోలి ఆనకట్ట, పెన్న మీది ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట కూడా ఆ కాలువ వ్యవస్థలో భాగాలే. మరి కేసీ కాలువను ఏ కొమ్మకు తగిలించాలి? ఎక్కడ తగిలించినా సగం తప్పవుతుంది.

గ్రూప్–2 పరీక్షకు చదువుతున్న మా తమ్ముడి కూతురు రాయలసీమ నీటిపారుదల పాఠంలో సరిగ్గా ఇక్కడే ఆగిపోయింది. “పెదనాన్నా, మంచి మైండ్ మ్యాప్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే చెప్పు” అని అడిగింది. పేరు చెప్పడానికి క్షణం చాలు. కానీ ఆమె గీసుకున్నది చూశాక వెంటనే పేరు చెప్పబుద్ధి కాలేదు. చెట్లు మాత్రమే గీయగల సాఫ్ట్‌వేర్‌లో కాలువ గీయడానికి ఆమె మూడు రోజులుగా పెనుగులాడుతోంది. ఇలాంటి పెనుగులాటను నేను చాలామంది దగ్గర చూశాను. పేరు పొందిన సాఫ్ట్‌వేర్ తెచ్చుకుంటారు, రంగులు అద్దుతారు, నెల తిరిగేసరికి వదిలేస్తారు. తమకు క్రమశిక్షణ లేదని తమను తామే నిందించుకుంటారు. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. చాలాసార్లు లోపం వాళ్లది కాదు. విషయానికి ఒక రూపం ఉంది, చేతిలోని పనిముట్టుకు మరొక రూపం ఉంది.

విభక్తుల పరీక్ష

మైండ్ మ్యాప్ అనే పేరును, పద్ధతిని లోకానికి పరిచయం చేసినవాడు ఇంగ్లండుకు చెందిన టోనీ బుజాన్. 1974లో బీబీసీ టెలివిజన్ ద్వారా అది ఇంటింటికీ చేరింది. విషయాన్ని చెట్టులా విడదీసి చూపడం అంతకంటే ఎంతో పాత పద్ధతి. మూడో శతాబ్దపు తత్వవేత్త పోర్ఫిరీ అరిస్టాటిల్ వర్గీకరణను వివరించిన తీరును తరువాతి తరాలు చెట్టుగానే గీసుకున్నాయి. బుజాన్ దానికి కొన్ని నియమాలు చేర్చాడు. కాగితాన్ని అడ్డంగా పెట్టుకోవాలి. మధ్యలో బొమ్మతో మొదలుపెట్టాలి. కొమ్మలు వంపు తిరిగి ఉండాలి, రంగులు వాడాలి. కొమ్మకు ఒక్క మాటే రాయాలి.

ఆ ఒక్క మాట నియమం తెలుగులో మనకు తెలియకుండానే ఒక నష్టం చేస్తుంది. మన భాషలో రెండు విషయాల మధ్య సంబంధాన్ని మోసేవి విభక్తులు. సుంకేసుల నుంచి, కరవు వల్ల, తాగునీటి కోసం, కాలువ ద్వారా. ఒక్క మాటే రాయాలంటే మొదట రాలిపోయేవి ఈ నుంచి, వల్ల, కోసం, ద్వారాలే. “కరవు” అనే కొమ్మకు “వలస” అనే రెమ్మ వేశారనుకోండి. కరవు వల్ల వచ్చిన వలసా, కరవు కాలంలో జరిగే వలసా, కరవు నుంచి తప్పించుకోవడానికి వలసా? గీసిన రోజు గీసినవారికి తెలుసు. ఆరు నెలల తర్వాత పరీక్ష ముందు తెరిస్తే ఆ గీత ఏమీ చెప్పదు.

అందుకే సాఫ్ట్‌వేర్ పేర్ల జోలికి పోకముందు నేను విభక్తుల పరీక్ష పెట్టుకోమంటాను. మీ విషయంలోంచి దగ్గరి సంబంధం ఉన్న పది జంటలు తీసుకోండి. ప్రతి జంట మధ్య ఏ విభక్తి సహజంగా పడుతుందో రాయండి. ఎక్కువ చోట్ల “లో” పడితే, అంటే ఒకటి మరొకదానిలో భాగమో రకమో అయితే, మీ విషయం చెట్టు. ఇంటి ఖర్చుల లెక్క, పుస్తకంలోని అధ్యాయాలు, పెళ్లి పనుల పంపకం, పెన్న ఉపనదులు ఇలాంటివే. వీటికి మామూలు మైండ్ మ్యాప్ సాఫ్ట్‌వేర్ ఏదైనా చాలు. “వల్ల”, “నుంచి”, “ద్వారా”, “కంటే” పదేపదే వస్తే మీ విషయం కాలువల వల. అప్పుడు గీత మీద మాట రాసే వీలున్న పనిముట్టు కావాలి.

అలాంటి పద్ధతి ఒకటి బుజాన్ కాలంలోనే విడిగా పుట్టింది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్, ఆయన సహచరులు 1970లలో పిల్లలు సైన్సు భావనలను ఎలా అర్థం చేసుకుంటున్నారో పరిశీలిస్తూ కాన్సెప్ట్ మ్యాప్ అనే పటాన్ని తయారు చేశారు. తెలుగులో భావపటం అనుకోవచ్చు. ఇందులో ప్రతి గీత మీద సంబంధం రాసి తీరాలి. రెండు గళ్లను, మధ్యలోని గీతను కలిపి చదివితే అర్థవంతమైన వాక్యం రావాలి. ఒక గడి నుంచి ఎన్ని గీతలైనా ఎటైనా పోవచ్చు, ఎన్ని గీతలైనా వచ్చి చేరవచ్చు.

ఇక్కడ తెలుగువారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. భావపటాల ఉదాహరణలన్నీ ఇంగ్లీషు వాక్య క్రమంలో ఉంటాయి: కర్త, మధ్యలో క్రియ, చివర కర్మ. దాన్నే అనుకరించి మనవాళ్లు గీత మీద క్రియ రాస్తారు. “కేసీ కాలువ – తీసుకుంటుంది – తుంగభద్ర నీరు” అని చదివితే నాలుకకు ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. మన వాక్యంలో క్రియ చివరికి పోతుంది, రెండు నామాల మధ్య నిలిచేది విభక్తి. కాబట్టి గీత మీద విభక్తే రాయండి. సుంకేసుల, గీత మీద “నుంచి”, కేసీ కాలువ, గీత మీద “ద్వారా”, కడప. బాణం వెంట వేలు పెట్టి చదివితే తెలుగు దానంతట అదే పలుకుతుంది. ఈ చిన్న మార్పుతో మా అమ్మాయి పటంలో సగం చిక్కులు ఒక్క సాయంత్రంలో విడిపోయాయి.

భావపటాలకోసమే చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ సీమ్యాప్‌టూల్స్. ఫ్లోరిడాలోని ఐహెచ్‌ఎంసీ అనే పరిశోధన సంస్థ దాన్ని తయారు చేసింది. చూడడానికి పాతకాలపు తీరులో ఉంటుంది కానీ గీత వేయగానే దాని మీద మాట రాయమని చోటు చూపిస్తుంది. మరచిపోనివ్వదు, అదే దాని గొప్ప గుణం. డ్రా.ఐఓ కూడా ఉచితమే, కంప్యూటర్‌లో ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుంది, గీతల మీద రాసుకోవచ్చు. అయితే అది ఏ బొమ్మనైనా గీసే సాఫ్ట్‌వేర్. గళ్లను సర్దుకునే పని చాలావరకు మనదే.

ఫ్రీప్లేన్, ఎక్స్‌మైండ్ లాంటి చెట్టు జాతి సాఫ్ట్‌వేర్లలోనూ ఒక కొమ్మ నుంచి మరో కొమ్మకు అడ్డంగా బాణం వేసి దాని మీద రాసే వీలుంది. నాలుగైదు బాణాల దాకా బాగుంటుంది. పది దాటాక చెట్టు మీద సాలెగూడు అల్లినట్టు అవుతుంది. అడ్డ బాణాలు ఎన్ని అవసరమో ముందే విభక్తుల పరీక్షలో తేలిపోతుంది కాబట్టి అప్పుడే నిర్ణయించుకోవడం మేలు.

ఒకే మాట రెండు కొమ్మల మీద

చెట్టుకు లొంగని మరో రకం విషయం ఉంది. కడపలో ఉన్నవాడికి అది సీపీ బ్రౌన్ గ్రంథాలయం దారిలో నడిచినప్పుడల్లా గుర్తొస్తుంది. బ్రౌన్ ఇక్కడ ఉన్న రోజుల్లో పండితులను కూర్చోబెట్టి, తాటాకు ప్రతులను సేకరించి, ఒక ప్రతిని మరొక ప్రతితో పోల్చి వేమన పద్యాలను పరిష్కరించాడు. 1829లో వాటిని ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. వేమన పద్యాలను విషయాల వారీగా సర్దడానికి ప్రయత్నించి చూడండి. గురువు, కులం, లోభం, విగ్రహారాధన, మనసు అని కొమ్మలు వేసుకున్నారనుకుందాం. ఒక పద్యం మొదటి పాదంలో రాతిబొమ్మను ప్రశ్నించి, చివరికి మనసు దగ్గరికి వస్తుంది. దాన్ని ఏ కొమ్మ మీద పెడతారు?

ఇక్కడ బాణాలు కూడా పనికిరావు. కావలసింది ఒకే పద్యం రెండు మూడు చోట్ల కనిపించే ఏర్పాటు. ఫ్రీప్లేన్‌లో ఒక కొమ్మకు ప్రతిబింబం లాంటి నకలు వేసుకోవచ్చు. ఒకచోట దిద్దితే రెండోచోట కూడా మారుతుంది. అబ్సిడియన్ అనే నోట్సు సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పద్యం ఒక చిన్న ఫైలుగా ఉంటుంది, దానికి ఎన్ని గుర్తుమాటలైనా తగిలించుకోవచ్చు, ఒక ఫైలు నుంచి మరొకదానికి లంకె వేసుకోవచ్చు, ఎవరు తనకు లంకె వేశారో ఆ ఫైలు చూపిస్తుంది. వందల కొద్దీ పద్యాలు, కేసు కాగితాలు, పాత పత్రికల కత్తిరింపులు పెట్టుకునేవారికి నేను సంకోచం లేకుండా ఈ దారే చెబుతాను. అది కచ్చితంగా మైండ్ మ్యాప్ సాఫ్ట్‌వేర్ అనిపించుకోదు. అనిపించుకోకపోతే మాత్రం ఏమైంది?

తేదీల క్రమం అయితే పటమే వద్దు. 1937 శ్రీబాగ్ ఒప్పందం, 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన. వీటికి రెండు గళ్ల పట్టిక చాలు.

స్త్రీ, రాష్ట్రం, ఉత్ప్రేక్ష

విషయం రూపం తేలాక రెండో ప్రశ్న తెలుగు అక్షరం. ఈ సంగతి సాఫ్ట్‌వేర్లను పోల్చే వ్యాసాల్లో దాదాపు ఎక్కడా కనిపించదు. మనకు మాత్రం ప్రాణసమానం.

“స్త్రీ” అనే మాట మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్ దాన్ని ఆరు ముక్కలుగా దాచుకుంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారం. ఆ ముక్కలను చదివి, వత్తును కిందికి దించి, గుడిని పైకెత్తి ఒక్క అక్షరంగా అమర్చే పనిని వేరే ఒక భాగం చేస్తుంది. తెర మీద ఆ పని కంప్యూటరో ఫోనో చేసిపెడుతుంది కాబట్టి ఇప్పుడు దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ తెలుగు బాగానే కనిపిస్తుంది. చిక్కంతా పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు వస్తుంది. పీడీఎఫ్ తయారు చేసే భాగం విడిగా ఉండి, దానికి అక్షరాలు అమర్చడం రాకపోతే, వత్తులు పక్కకు జరిగి పొల్లులు బయటపడతాయి. ఒకసారి ఒక శిక్షణ తరగతికి పటం నలభై ప్రతులు అచ్చు తీయించాను. తెర మీద ముత్యాల్లా ఉన్న అక్షరాలు కాగితం మీద “రాష్ట్రం” అన్నచోటల్లా ముక్కలై ఉన్నాయి. పిల్లల ముందు ఆ కాగితాలు పంచలేక వెనక్కి తెచ్చుకున్నాను.

కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ అయినా మొదటి రోజే స్త్రీ, రాష్ట్రం, ఉత్ప్రేక్ష, సంస్కృతి, లక్ష్మి అనే అయిదు మాటలతో ఒక పటం గీసి, పీడీఎఫ్ తీసి, దాన్ని ఫోనులో తెరిచి చూడండి. తరువాత ఆ పీడీఎఫ్‌లోంచి ఒక మాటను నకలు తీసి వాట్సాప్‌లో అతికించండి. అక్షరాలు చెదరకుండా వస్తేనే రేపు అందులో వెతకడం కుదురుతుంది. విండోస్‌లో నిర్మలా ఫాంటు ముందే ఉంటుంది. నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతుంది. ఫ్రీప్లేన్ జావా అనే మరో సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది కాబట్టి జావా పాతదైతే తెలుగు చెదరవచ్చు. జావా 9 నుంచి అక్షరాల అమరికకు హార్ఫ్‌బజ్ అనే మెరుగైన భాగాన్ని వాడుతున్నారు. అంతకంటే కొత్త జావా ఉందో లేదో చూసుకోండి. యూనికోడ్ రాకముందు కాలపు ఫాంట్లలో డీటీపీ చేసిన పాత నోట్సు ఉంటే దాన్ని నేరుగా పటంలో అతికించకండి. ఇంగ్లీషు అక్షరాల గజిబిజి వస్తుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

వెతకడంలోనూ తెలుగుకు తనదైన మెలిక ఉంది. పటంలో “నది” అని వెతికితే “నదిలో”, “నదికి” దొరుకుతాయి, “నదులు” దొరకదు. బహువచనంలో గుడి పోయి కొమ్ము వస్తుంది. “నద” అని వెతికితే రెండూ దొరుకుతాయి. పెన్న, పెన్నా, పెన్నార్, పినాకిని అని నాలుగు పేర్లున్నచోట ఏదో ఒకటి నిర్ణయించుకుని పటమంతా అదే రాయాలి. లేకపోతే మన పటం మనకే దొరకదు.

ఫైలు ఎవరి దగ్గర ఉంది

రెండేళ్లపాటు ఒక వెబ్‌సైట్‌లో పటాలు గీసుకున్నాను. ఒకరోజు ఉచిత ఖాతా నిబంధనలు మారాయి. పాత పటాలను చూడవచ్చు, దిద్దాలంటే చందా కట్టాలి. బయటికి తీసుకోవడానికి బొమ్మ రూపం ఒక్కటే మిగిలింది. బొమ్మలోంచి అక్షరాలు తిరిగి రావు. నూట పాతిక దాకా పటాలను చూస్తూ మళ్లీ కొట్టాల్సి వచ్చింది. అప్పటి నుంచి సాఫ్ట్‌వేర్ ఎంత ముచ్చటగా ఉన్నా మొదట దాని తలుపు ఎటు తెరుచుకుంటుందో చూస్తాను.

ఫ్రీమైండ్ అనే పాత ఉచిత సాఫ్ట్‌వేర్, దాని నుంచి పుట్టిన ఫ్రీప్లేన్, రెండూ .ఎంఎం అనే ఫైలు వాడతాయి. అది లోపల మామూలు అక్షరాల ఫైలే. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవవచ్చు. చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని అర్థం చేసుకుంటాయి. ఎక్స్‌మైండ్ ఫైలు నిజానికి ఒక జిప్ సంచి. పేరు చివర జిప్ అని మారిస్తే తెరుచుకుంటుంది. అబ్సిడియన్ నోట్సు మన కంప్యూటర్‌లోనే మామూలు అక్షరాల ఫైళ్లుగా ఉంటుంది. అన్నిటికంటే దిట్టమైనది మరొకటి ఉంది. నోట్‌ప్యాడ్‌లో ఒక్కో మెట్టుకు ఒక ట్యాబ్ చొప్పున జరుపుతూ జాబితా రాసుకుని ఫ్రీప్లేన్‌లో అతికిస్తే అది కొమ్మలుగా విచ్చుకుంటుంది. నేను ఏ పటం మొదలుపెట్టినా ఇలాగే మొదలుపెడతాను. సాఫ్ట్‌వేర్ పోయినా జాబితా మిగులుతుంది.

చేతిలో ఫోను మాత్రమే ఉన్న విద్యార్థికి ఫ్రీప్లేన్ పనికిరాదు, అది కంప్యూటర్లకే. సింపుల్‌మైండ్ ఆండ్రాయిడ్‌లోనూ, ఇంటర్నెట్ లేకుండానూ పనిచేస్తుంది. దాన్ని కొనాలంటే చందా కాకుండా ఒకేసారి డబ్బు కట్టే పద్ధతి. నలుగురు వేర్వేరు ఊళ్ల నుంచి ఒకే పటం మీద పనిచేయాలంటే మాత్రం మైండ్‌మైస్టర్, కాగిల్ లాంటి వెబ్ సేవలే దారి. వాటి ఉచిత ఖాతాలకు పరిమితులుంటాయి. వారానికొకసారి పటాన్ని .ఎంఎం రూపంలోనో అక్షరాల రూపంలోనో దించి దాచుకునే వీలుంటేనే అందులో అడుగు పెట్టండి. పెద్ద కార్యాలయాలు వాడే మైండ్‌మేనేజర్ సమర్థమైనదే కానీ దాని ధర ఒక విద్యార్థి మోయగలిగేది కాదు.

పుస్తకం మూశాక

పుస్తకం ఫైలు ఇస్తే క్షణంలో పటం గీసి చేతికిచ్చే కృత్రిమ మేధ పనిముట్లు ఇప్పుడు వచ్చాయి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అరవై పేజీల నివేదికలో ఏముందో ఒకసారి చూసుకోవాల్సిన ఉద్యోగికి అవి మేలు చేస్తాయి. చదువుకునే పిల్లలకు వాటిని నేను సిఫారసు చేయను. కేసీ కాలువను ఎక్కడ పెట్టాలా అని మా అమ్మాయి తలపట్టుకున్న ఆ గంటలోనే ఆమెకు రెండు నదీ పరీవాహకాల తేడా తెలిసింది. పటం తయారుగా వచ్చి ఉంటే ఆ గంట ఉండేది కాదు.

దీనికి తోడు ఒక పరిశోధన ఉంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ కార్పికి, జానెల్ బ్లంట్ 2011లో సైన్స్ పత్రికలో దాన్ని ప్రచురించారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని ఎదురుగా పెట్టుకుని భావపటం గీశారు. మరికొందరు పాఠం చదివి, మూసేసి, గుర్తున్నది రాశారు. వారం తర్వాత పరీక్ష పెడితే మూసి రాసినవారికే ఎక్కువ గుర్తుంది. ఆ చివరి పరీక్ష భావపటం గీయడమే అయినప్పుడు కూడా వాళ్లే మెరుగ్గా చేశారు. పటాలంటే ప్రాణం పెట్టే నాలాంటివాడికి ఇది మింగుడుపడని ఫలితం. కానీ తరువాత వాళ్లిద్దరే 2014లో మరొకటి చూపారు: పాఠం మూసేసి జ్ఞాపకం నుంచి గీస్తే పటం కూడా రాతతో సమానంగా పనిచేస్తుంది. అంటే చదువుకునే వ్యక్తికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఖాళీ తెర మీద వేగంగా గీయనిచ్చేది, కొమ్మలను మడిచి దాచనిచ్చేది. మడిచిన కొమ్మ వెనక ఏముందో చెప్పుకుని, తరువాత విప్పి సరిచూసుకోవచ్చు.

మా అమ్మాయి చివరికి రెండు పనిముట్ల దగ్గర ఆగింది. నదులకు, ఉపనదులకు ఫ్రీప్లేన్, కాలువలకు సీమ్యాప్‌టూల్స్. ఉదయం పుస్తకం చదువుతుంది, సాయంత్రం మూసేసి గీస్తుంది, తప్పిన చోట ఎర్రరంగు వేస్తుంది. తుంగభద్ర ఎగువ కాలువ అనంతపురం దాకా వచ్చింది. హంద్రీ–నీవా మాల్యాల దగ్గర శ్రీశైలం వెనుక జలాల నుంచి బయలుదేరింది. నిన్న గాలేరు–నగరి మొదలుపెట్టింది. పోతిరెడ్డిపాడు నుంచి, గోరుకల్లు మీదుగా, అవుకు మీదుగా అని బాణాలు వేసుకుంటూ గండికోట దాకా వచ్చి, అక్కడ పెన్న మీద ఆగి, “పెదనాన్నా, ఇది మళ్లీ మన చెట్టులోకే వచ్చింది” అని తెర నా వైపు తిప్పింది.